గడ్డి అమ్మినా బతకొచ్చు!

హార్వెస్టర్ పోయాక పొలంలో మిగిలే వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు, నాలుగు శాతానికి మించవు. అది బర్రె కడుపు నింపుతుంది కానీ పాలు పెంచదు. అలసంద, స్టైలో, లూసర్న్ లాంటి పప్పుజాతి పైర్లను ఎండుమేతగా చేస్తే ఆ లోటు తీరుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో యువత దీన్ని ఉపాధిగా మలచుకోవచ్చు.

ఈ పనిలో అదునే అసలు పెట్టుబడి. పైరు సగం పూత మీదున్నప్పుడే కోయాలి. ముదిరితే పీచే మిగులుతుంది. కోసినప్పుడు 75 నుంచి 80 శాతం ఉండే తేమ 15 శాతానికి దిగాకే కట్టలు కట్టాలి. తొందరపడితే బూజు పడుతుంది, లోపల వేడెక్కి అంటుకున్నా అంటుకోవచ్చు. పొద్దున మంచు ఆరకముందే తిరగేయాలి. ఎండెక్కాక కదిలిస్తే పోషకాలుండే ఆకంతా రాలిపోతుంది. వానకాలంలో ఆరబెట్టడం కష్టం కాబట్టి యాసంగి పంటే మేలు.

చదువుకోవాలనుకుంటే కరీంనగర్‌లో పశుసంవర్ధక పాలిటెక్నిక్, కోరుట్లలో వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. మేత పంటలపై పరిశోధనకు 1962లోనే ఝాన్సీలో జాతీయ సంస్థ పెట్టారు.

ఎండుమేత, సైలేజ్ యూనిట్లకు జాతీయ పశుసంపద మిషన్ కింద 50 శాతం, గరిష్ఠంగా రూ.50 లక్షల సబ్సిడీ ఉంది. అయితే భూమి కొనుగోలుకు అది వర్తించదు. పైగా సొమ్ము రెండు విడతల్లో వస్తుంది. అందుకే బ్యాంకు మెట్లెక్కే ముందు చుట్టుపక్కల ఊళ్లు తిరగండి. ఎన్ని పాడిపశువులున్నాయి, వేసవిలో మేత ఎంతకు కొంటున్నారో రాసుకోండి. ఆ లెక్క కుదిరితేనే విత్తనం కొనండి.