రూపమును గుర్తుపట్టు కాంతి

ఒక వేలిముద్ర వేనవేల ముద్రలలో దేనితో సరిపోవునో వెదకుట కంటికెంతటి శ్రమయో ఎల్లరెఱిగినదే. అయితే ఈ పోల్చుపనిని కాంతికే అప్పగింపవచ్చుననియు, కాంతి రెండు కటకములను దాటునంతలో అది ముగియుననియు 1964లో మిచిగన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు వాండర్‌లగ్ట్ వెల్లడించెను.

దీనికి ఆధారము కటకమునకు సహజమైన యొక గుణము. లేజర్ కాంతిలో నుంచిన చిత్రమును కటకము తన నాభితలముపై విభజించి పఱచును: విశాలములైన వెలుగునీడలు నడుమకును, సన్నని గీతలును పదునైన అంచులును వెలుపలికిని చేరును. గణితజ్ఞులు దీనిని ఫూరియర్ పరివర్తన మందురు. వెదకు రూపమునుండి హోలోగ్రామ్ పద్ధతిని సిద్ధపఱచిన వడపోత ఫలకమును ఆ తలమున నుంచి, రెండవ కటకముతో కాంతిని మరల కూర్చినచో, ఆ రూపమున్న చోటికి సరిగా నొక ప్రకాశబిందువు మెఱయును.

అయితే చిత్రముల కాంతిశక్తిలో అధికభాగము విశాలములైన వెలుగునీడలలోనే యుండుటచే ఆ బిందువు పదునెక్కక వ్యాపించును. కొంచెము పోలిక గల యన్యరూపములకును వెలుగు కలిగి భ్రాంతి పుట్టును. సన్నని వివరములనే హెచ్చించినచో బిందువు పదునెక్కునుగాని, చిత్రమున కలసిన రొదయు, అనగా అక్కఱలేని మచ్చలును, వానితోబాటు హెచ్చును.

ఈ చిక్కును తీర్చునది వేవ్‌లెట్, అనగా లేచి కొంత కంపించి అంతలోనే అణగిపోవు చిన్న యల. 1980 దశకమున ఫ్రాన్సులో చమురునిక్షేపముల అన్వేషణ సందర్భమున భూభౌతికశాస్త్రజ్ఞుడు మోర్లే దీనిని ప్రతిపాదింపగా, భౌతికశాస్త్రజ్ఞుడు గ్రోస్‌మన్ దానికి గణితరూపము నొసగెను. మెక్సికన్ టోపీ యను పేరుగల వేవ్‌లెట్టు నాభితలమున నొక వలయమై కనబడును. కేంద్రమున చీకటి, వెలుపల చీకటి, ఆ రెంటి మధ్యనే కాంతికి మార్గము. మరపట్టిన గోధుమలను జల్లించునపుడు ముతక పైననే యాగి, పిండి క్రిందికి జాఱిపోయి, నడుమ రవ్వ మిగిలినట్లు, ఈ వలయముచే అనవసరమగు వెలుగునీడయు అతిసూక్ష్మమగు రొదయు తొలగి, రూపముయొక్క అంచులు మాత్రమే మిగులును. అల సన్ననైనకొలది వలయము విస్తరించును గనుక, సన్నని రేఖలు కావలెనో స్థూలమైన ఆకృతి కావలెనో వలయమును మార్చి యెన్నుకొనవచ్చును. మొదటి ఫలకముతోడనే దీనిని గుణించి ఒకే ఫలకముగా చేయవచ్చుననుట మఱియొక సౌకర్యము.

అయితే ఇంత చేసినను, రూపము తిరిగినను, పరిమాణము మాఱినను ఆ బిందువు మందగించుచునే యుండును. తగని పరిమాణపు వలయము నెన్నుకొన్నచో రొదయే గెలుచును. కావున ఈ పద్ధతియందలి సాఫల్యము కాంతి వేగముకన్నను, వెదకు వస్తువును ఎఱిగి తగిన వలయమును నిర్ణయించు మనుష్యుని వివేకమునందే యెక్కువగా నున్నది.