స్వల్పకాలిక వీసాలు - అరకులోయ, తూర్పు కనుమల ప్రాంతము

స్వల్పకాలిక వీసా అనగా ఒక దేశపు పౌరుడు మరొక దేశములో పరిమిత కాలము పాటు, ఒక నిర్ణీత ప్రయోజనము కొరకు ఉండుటకు ఆ దేశ ప్రభుత్వము ఇచ్చు అనుమతి. విహారము, బంధువుల సందర్శన, వ్యాపార చర్చలు, తాత్కాలికమైన పని వంటివి ఈ ప్రయోజనములలో ముఖ్యమైనవి. అరకులోయ, పాడేరు, పార్వతీపురం, సీతంపేట మొదలైన తూర్పు కనుమల గిరిజన ప్రాంతములకు ఈ వీసాలతో రెండు విధములైన సంబంధము కలదు. మొదటిది, అరకు అందములను చూచుటకు వచ్చు విదేశీయులది. రెండవది, ఈ కొండల నుండి, వీటిని ఆనుకొని ఉన్న ఉత్తరాంధ్ర తీరము నుండి పని కొరకు విదేశములకు వెళ్ళువారిది. సందర్శన వీసాకు, పని వీసాకు గల భేదము తెలియకపోవుట వలన రెండవ వర్గమువారు అధికముగా నష్టపోవుచున్నారు.

ముఖ్య రకములు

దేశమును బట్టి పేర్లు మారినప్పటికీ, స్వల్పకాలిక వీసాలను స్థూలముగా మూడు రకములుగా విభజింపవచ్చును.

* సందర్శన వీసా: విహారము, బంధుమిత్రులను చూచుట కొరకు ఇచ్చునది. దీనిపై వేతనము తీసుకొని పని చేయుట సాధారణముగా నిషిద్ధము. వాడుకలో దీనిని విజిట్ వీసా, టూరిస్టు వీసా అని పిలిచెదరు.
* వ్యాపార వీసా: ఒప్పందములు, సమావేశములు, ప్రదర్శనల కొరకు ఇచ్చునది. అరకు కాఫీని ఐరోపా కొనుగోలుదారులకు చూపుటకు వెళ్ళు ప్రతినిధికి ఇటువంటి వీసా అవసరము. ఆ ప్రతినిధి అక్కడి అంగడిలో జీతమునకు పని చేయుటకు మాత్రము ఇది చెల్లదు.
* తాత్కాలిక పని వీసా: ఒక నిర్ణీత యజమాని వద్ద, ఒప్పందములో వ్రాసిన కాలము వరకు పని చేయుటకు ఇచ్చునది. గల్ఫ్ దేశములలోని కార్మికులు ఎక్కువగా ఈ తరగతికి చెందినవారు.

వీసా చెల్లుబాటు కాలము వేరు, దేశములో ఉండదగిన కాలము వేరు. ఉదాహరణకు, అమెరికా సందర్శన వీసా భారతీయులకు సాధారణముగా 10 సంవత్సరముల చెల్లుబాటుతో లభించును. కాని ఒక్కొక్క పర్యాయము ఎంతకాలము ఉండవలెనో విమానాశ్రయములోని అధికారి నిర్ణయించును. ఇది మామూలుగా 6 నెలలు. పిల్లలను చూచుటకు అమెరికా వెళ్ళు తెలుగు తల్లిదండ్రులలో అధికులు ఈ వీసాపైననే వెళ్ళుచున్నారు. ఐరోపాలోని షెంజెన్ దేశములలో ఏ 180 రోజులు తీసుకొన్నను 90 రోజులకు మించి ఉండరాదు.

చరిత్ర

వీసా అనునది ఈ ప్రాంతమునకు కొత్తది గాని, పని కొరకు దూరము పోవుట కొత్తది కాదు. 19వ శతాబ్దము నుండి విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల నుండి వేలాది కూలీలు పొగ ఓడలపై రంగూన్ వెళ్ళి, ధాన్యపు మిల్లులలోను, రేవులోను పని చేసి తిరిగి వచ్చుచుండిరి. వీరిని మేస్త్రీలు బయానా ఇచ్చి తీసుకొని పోయెడివారు. అప్పుడు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమగుటచే వీసా అవసరము ఉండెడిది కాదు. కొండలలోని సవరలు, కొందులు మొదలైనవారు కూడా దళారుల ద్వారా అస్సాం తేయాకు తోటలకు తరలింపబడిరి. వారి సంతతి నేటికీ అస్సాంలో ఉన్నది.

విదేశీయులు ఇండియాలో ప్రవేశించుటకు పాస్‌పోర్టు ఉండవలెనను నియమము 1920 నాటి చట్టముతో స్థిరపడినది. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుండి వేరుపడినది. 1941లో కుదిరిన ఇండో-బర్మా వలస ఒప్పందము రంగూన్ వెళ్ళు కూలీలకు అనుమతి పత్రముల పద్ధతిని నిర్దేశించినది. ఆ సంవత్సరము డిసెంబరులో జపాను దాడి ప్రారంభమగుటచే ఆ ఒప్పందము పూర్తిగా అమలు కాలేదు.

ప్రయాణ పత్రములు ఒక మనిషి గతిని ఎట్లు మార్చునో చూపు ఉదాహరణ ఒకటి తూర్పు కనుమలకు సంబంధించినదే. ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టొఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1939లో పరిశోధన కొరకు ఇండియాకు వచ్చెను. ఆస్ట్రియా జర్మనీలో విలీనమగుటచే ఆయన వద్ద జర్మన్ పాస్‌పోర్టు ఉండెను. యుద్ధము ప్రారంభము కాగానే ఆయన శత్రుదేశ పౌరునిగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానము దాటి పోరాదను నిబంధనకు లోబడవలసి వచ్చెను. ఆ కాలములోనే ఆయన చెంచులు, గోండులు, పాపికొండల ప్రాంతపు కొండరెడ్లపై పరిశోధన చేసెను. కొండరెడ్లపై ఆయన గ్రంథము 1945లో వెలువడినది.

అరకు ప్రాంతమునకు వచ్చు విదేశీయులు

భారత ప్రభుత్వము 2014 నవంబరు 27న 43 దేశముల పౌరులకు ఇంటర్నెట్ ద్వారా పర్యాటక వీసా ఇచ్చు పద్ధతిని ప్రారంభించినది. తరువాత ఈ-వీసా అను పేరుతో ఇది అనేక దేశములకు విస్తరింపబడినది. 30 రోజులు, 1 సంవత్సరము, 5 సంవత్సరముల చెల్లుబాటు గల పర్యాటక వీసాలు ఇందులో కలవు. ఈ-వీసాపై దేశములో ప్రవేశించుటకు అనుమతి పొందిన విమానాశ్రయములలో విశాఖపట్నం కూడా చేరినది. అక్కడి నుండి అరకులోయ, బొర్రా గుహలు రోడ్డు మార్గమునను, కిరండూల్ రైలు మార్గమునను చేరవచ్చును. నేపాల్, భూటాన్ పౌరులకు భారతదేశమునకు వచ్చుటకు వీసా అవసరము లేదు.

పర్యాటక వీసాపై వచ్చినవారు జీతమునకు పని చేయరాదు. ప్రతిఫలము ఏమియు తీసుకొనని స్వచ్ఛంద సేవను మాత్రము ఒక నెలకు మించకుండ చేయుటకు ఈ-పర్యాటక వీసా అనుమతించును. గిరిజన గ్రామములలో పరిశోధన చేయదలచిన విదేశీయులు పరిశోధన వీసా పొందవలెను.

విదేశీయునికి బస ఇచ్చిన హోటలువారు, అట్లే ఇంటిలో వసతి ఇచ్చినవారు కూడా, ఆ వివరములను 24 గంటలలోగా అధికారులకు తెలుపవలెను. ఈ వివరములు సి-ఫారము అను పేరుతో వాడుకలో ఉన్నవి. అరకులో ఇంటి వసతి ఇచ్చు కుటుంబములు ఈ నియమమును గుర్తుంచుకొనుట అవసరము. 2025 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టము ప్రకారము, గడువు దాటి దేశములో ఉండిన విదేశీయునికి 3 సంవత్సరముల వరకు కారాగారము గాని, 3 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఈ ప్రాంతము నుండి వెళ్ళువారు

ఉత్తరాంధ్ర తీరములోని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతము నుండి నిర్మాణ పనులకు, వెల్డింగు వంటి వృత్తులకు విదేశములకు వెళ్ళు ఆనవాయితీ కలదు. కొండ ప్రాంతపు యువకులకు విదేశీ ఉద్యోగముల వార్తలు ఎక్కువగా ఇట్టి తీరప్రాంత పట్టణముల ఏజెంట్ల ద్వారా చేరుచుండును. ఈ జిల్లాల వారికి పాస్‌పోర్టులు విశాఖపట్నంలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయము ద్వారా లభించును.

1983 నాటి వలస చట్టము పనికై విదేశములకు వెళ్ళువారి రక్షణకు ఉద్దేశింపబడినది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుపై, కొన్ని మినహాయింపులతో, వలస అనుమతి అవసరమను గుర్తు ఉండును. దీనినే ఈ.సి.ఆర్. అందురు. పదవ తరగతికి ముందే చదువు మానివేసిన గిరిజన యువకులకు ఈ గుర్తు వర్తించును. వీరు సౌదీ అరేబియా, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, మలేషియా, థాయిలాండ్ మొదలైన 18 దేశములకు పని కొరకు వెళ్ళునప్పుడు, వలసదారుల సంరక్షకుని అనుమతి పొందవలెను. తెలుగు ప్రాంతములకు ఈ అధికారి కార్యాలయము హైదరాబాదులో కలదు.

ఈ అనుమతి కేవలము ఒక ముద్ర కాదు. దీనిని పొందు క్రమములో ఉద్యోగ ఒప్పందము, వేతనము, యజమాని వివరములు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థలో నమోదగును. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా లభించును. దీనికి ప్రీమియము రెండు సంవత్సరములకు 275 రూపాయలు, మూడు సంవత్సరములకు 375 రూపాయలు.

సందర్శన వీసాపై పనికి వెళ్ళుట

ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు గలవారు విహారమునకు వెళ్ళునప్పుడు పై అనుమతి అవసరము లేదు. కొందరు దళారులు ఈ వెసులుబాటును ఆధారము చేసుకొని, కార్మికులను సందర్శన వీసాపై పంపి, అక్కడకు చేరిన తరువాత పని వీసాగా మార్పించెదమని చెప్పుదురు. ఇట్లు వెళ్ళిన వ్యక్తికి కలుగు నష్టములు ఇవి:

* ఉద్యోగ ఒప్పందము ఎక్కడను నమోదు కాదు. చెప్పిన జీతము ఇవ్వనిచో అడుగుటకు ఆధారము ఉండదు.
* బీమా వర్తించదు. ప్రమాదము జరిగినచో కుటుంబమునకు పరిహారము రాదు.
* గడువు తీరిన తరువాత జరిమానా పెరుగుచుండును. ఎమిరేట్స్‌లో ఇది రోజుకు 50 దిర్హములు.
* ఆ దేశ చట్టము దృష్టిలో కార్మికుడే నేరస్థుడగును. ఫిర్యాదు చేయుటకు భయపడును.

యజమానులపై కూడా శిక్షలు కలవు. ఎమిరేట్స్ ప్రభుత్వము 2024 ఆగస్టులో చేసిన సవరణ ప్రకారము, పని అనుమతి లేనివారిని పనిలో పెట్టుకొన్న యజమానికి 1 లక్ష నుండి 10 లక్షల దిర్హముల వరకు జరిమానా విధింపవచ్చును. అదే సంవత్సరము సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు, గడువు దాటి ఉన్నవారు జరిమానా లేకుండ స్వదేశమునకు వెళ్ళుటకు క్షమాభిక్ష ప్రకటించినది. పాస్‌పోర్టు లేనివారు ఇటువంటి సందర్భములలో భారత రాయబార కార్యాలయము నుండి అత్యవసర ధ్రువపత్రము పొందవలెను. దీనిని కార్మికులు ఔట్‌పాస్ అని పిలిచెదరు.

గల్ఫ్ వలసలలో తరచు వినబడు ఆజాద్ వీసా అనునది ఏ చట్టములోను లేదు. ఒకరి పేరుమీద వీసా కొని, వేరొకరి వద్ద పని చేయుటకు దళారులు పెట్టిన పేరు అది.

2024 కంబోడియా ఉదంతము

సందర్శన వీసా మోసములలో ఉత్తరాంధ్రను ఎక్కువగా కలచివేసినది 2024 నాటి కంబోడియా ఉదంతము. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మించి, విశాఖపట్నం పరిసరముల యువకులను బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు తరలించిరి. అక్కడ వారిని నిర్బంధించి, స్వదేశీయులనే ఇంటర్నెట్ ద్వారా మోసగించు పనిని బలవంతముగా చేయించిరి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ముగ్గురు ఏజెంట్లను అరెస్టు చేసిరి. ఆ నెలలోనే సిహనూక్‌విల్ పట్టణములో చిక్కుకొన్న భారతీయులు నిరసన తెలిపిరి. భారత రాయబార కార్యాలయము సహాయముతో మొదట 60 మంది స్వదేశమునకు బయలుదేరిరి.

ఇమ్మిగ్రేషన్ బ్యూరో లెక్కల ప్రకారము 2022 జనవరి నుండి 2024 మే వరకు 73,138 మంది భారతీయులు సందర్శన వీసాలపై కంబోడియా, థాయిలాండ్, మయన్మార్, వియత్నాం దేశములకు వెళ్ళగా, వారిలో 29,466 మంది తిరిగి రాలేదు. వీరందరును మోసపోయినవారని చెప్పజాలము. ఈ ఉదంతము మరియొక లోపమును కూడా బయటపెట్టినది. 18 దేశముల జాబితాలో థాయిలాండ్ ఉన్నది గాని కంబోడియా లేదు. పైగా వెళ్ళినవారిలో చదువుకొన్న యువకులు ఉండుటచే వారికి ఈ.సి.ఆర్. నియమమే వర్తించదు. అందుచేత అనుమతి పద్ధతి వారిని ఆపజాలలేదు.

వెళ్ళుటకు ముందు పరిశీలింపవలసినవి

* ఏజెంటునకు భారత విదేశాంగ మంత్రిత్వ శాఖ ఇచ్చిన నమోదు సంఖ్య ఉన్నదా అని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవలెను. నమోదు లేకుండ మనుషులను పంపుట 1983 చట్టము ప్రకారము నేరము.
* నమోదైన ఏజెంటు తీసుకొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే.
* వీసా పత్రములో ప్రయోజనము అను చోట ఏమి వ్రాసి ఉన్నదో చదివించుకొనవలెను. సందర్శన అని ఉన్నచో అది ఉద్యోగ పత్రము కాదు.
* ఒప్పందము, వీసా, పాస్‌పోర్టుల నకళ్ళు ఇంటివద్ద ఉంచవలెను.
* ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టాంకాం అను ప్రభుత్వ సంస్థల ద్వారా కూడా విదేశీ ఉద్యోగములు పొందవచ్చును.

విదేశములో ఆపదలో చిక్కుకొన్న భారతీయుల కొరకు 2009లో భారతీయ సమాజ సంక్షేమ నిధి ఏర్పడినది. సందర్శన వీసాపై వెళ్ళి గడువు దాటినవారు కూడా దీని నుండి తిరుగు ప్రయాణము వంటి సహాయము కోరవచ్చును.

ఇవి కూడా చూడండి

* అరకులోయ
* బొర్రా గుహలు
* పాస్‌పోర్టు
* గల్ఫ్ వలసలు