ముప్పై అయిదు నిమిషాల ప్రయాణం

2025 ఆగస్టులో విశాఖపట్నంలో మా చెల్లెలికి ఆపరేషన్ అన్నారు. ఉదయం పదిగంటలకు లోపలికి తీసుకువెళతారట. "అన్నయ్య ముఖం చూసి వెళతాను" అని ఫోనులో కబురు. మాది బెజవాడ. "రాత్రి బండి ఎక్కండి, తెల్లవారేసరికి దిగుతారు" అన్నది మా ఆవిడ. నేను వింటేగా! ముప్పైయేళ్లు లెక్కల మాస్టరుగా పనిచేసినవాణ్ణి. కాగితమూ పెన్సిలూ పుచ్చుకుని కూర్చున్నాను.

బెజవాడ నుంచి విశాఖకు రైలుదారి 350 కిలోమీటర్లు. గన్నవరం నుంచి ఆకాశంలో తిన్నగా గీత గీస్తే సుమారు 290. రెండు పంకాల చిన్న విమానం గంటకు 500 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే ముప్పై అయిదు నిమిషాలు! సాయంత్రంపూట గాంధీనగరం నుంచి బెంజి సర్కిల్‌కు పోయినంతసేపు. మా ఆవిడ కాగితం చూడలేదు, టిక్కెట్టు చూసింది.

"ఇందులో గంటా పదినిమిషాలని వుందేం?" అన్నది.

నిజమే. 7.15కు బయలుదేరి 8.25కు చేరుతుందని వున్నది. నా లెక్కకు సరిగ్గా రెట్టింపు!

ఆ తేడా ఎక్కడిదో విమానంలో పక్కసీటు పెద్దమనిషి చెప్పారు. విమానాల మరమ్మతు పనిలో రిటైరైనవారాయన. టిక్కెట్టు మీది కాలం గాలిలో వున్న కాలం కాదట. చక్రాలకు అడ్డంపెట్టిన దిమ్మలు తీసిన క్షణం నుంచి, అవతలి వూళ్లో మళ్లీ దిమ్మలు పెట్టేదాకా లెక్క. ముందు రన్‌వే చివరిదాకా మెల్లగా పోవాలి. ఎగిరేది ఎదురుగాలికి; మన వూరు ఏ దిక్కునున్నదో దానికి పట్టదు. అవసరమైతే వెనక్కు ఎగిరి, చుట్టు తిరిగి రావలసిందే. పైకి ఎక్కేటప్పుడు వేగం తక్కువ, దిగేటప్పుడు మరీ తక్కువ. ఇంత దగ్గరి ప్రయాణంలో ఎక్కడం పూర్తయిందో లేదో దిగడం మొదలు! ఆలస్యాలకని కంపెనీలు మరికొంత కలిపి వేస్తాయి.

"పురోహితుడి సంభావన లాంటిదండీ. భోజనాలకు వందమంది వచ్చినా అంతే, వెయ్యిమంది వచ్చినా అంతే. దూరప్రయాణంలో తెలియదు, దగ్గరదానిలో బరువవుతుంది" అన్నారాయన.

మా దారి ఇంచుమించు రాజమండ్రి మీదుగానే. మబ్బు విడిచినచోట ఎర్రటి గోదావరీ, దారప్పోగులా ధవళేశ్వరం ఆనకట్టా కనిపించాయి. రైలులో పోతూ ఆ నదిలో ఎన్నిసార్లు డబ్బులు వేశానో! ఇక్కడ కిటికీ తెరుచుకోదు. చెల్లెల్ని తలుచుకుని చేతులు జోడించి వూరుకున్నాను.

ఇక ఇంటి లెక్క వినండి. గన్నవరం ఇరవై కిలోమీటర్లే అయినా, గంట ముందే కౌంటరు మూసేస్తారన్న భయంకొద్దీ ఇల్లు విడిచింది నాలుగున్నరకు. విశాఖలో జోరువాన, ఇరవై నిమిషాలు పైనే చుట్లు తిరిగాం. పెట్టె కోసం కాసేపు, కారు కోసం కాసేపు నిలబడి, ఆసుపత్రి మెట్లెక్కేసరికి 9.50. మొత్తం అయిదుగంటలా ఇరవై నిమిషాలు! మామూలు ఎక్స్‌ప్రెస్‌కు ఇంకో గంటో గంటన్నరో ఎక్కువ, అంతే.

చెల్లెలి ట్రాలీ అప్పటికే వరండాలో కదులుతున్నది. పక్కనే నడుస్తూ చెయ్యి పట్టుకున్నాను.

"విమానంలో వచ్చావట. ఎంతసేపు పట్టింది, అన్నయ్యా?"

"ముప్పై అయిదు నిమిషాలమ్మా" అన్నాను.

నవ్వింది. తలుపు మూశారు.

పన్నెండోరోజున చెల్లెల్ని ఇంట్లో దించి నేను తిరుగుప్రయాణం కట్టాను, రాత్రి బండిలో. గోదావరి వంతెన మీద మేలుకుని, కిటికీలోంచి రూపాయి బిళ్ల వేశాను.