క్షురకుడి కోసం ఓ ప్రార్థన పాఠం

జర్మనీలోని విట్టెన్‌బర్గ్. పీటర్ బెస్కెన్‌డార్ఫ్ ఆ ఊళ్లో పేరున్న క్షురకుడు. మత సంస్కర్త మార్టిన్ లూథర్‌కి గడ్డం గీసేదీ ఆయనే. ఇద్దరికీ మంచి స్నేహం. ఓసారి పీటర్ 'అసలు ప్రార్థన ఎలా చెయ్యాలి?' అని అడిగాడు. జవాబుగా 1535లో లూథర్ ఏకంగా ఓ చిన్న పుస్తకమే రాసిచ్చాడు!

అందులో ముందుగా చెప్పుకున్నది తన సంగతే. పనుల ఒత్తిడిలో ఆయనకీ ప్రార్థన మీద మనసు చల్లబడుతుండేదట. అప్పుడు కీర్తనల పుస్తకం పట్టుకుని గదిలోకో చర్చికో వెళ్లి, పది ఆజ్ఞల్నీ విశ్వాస ప్రమాణాన్నీ చిన్నపిల్లల్లా వల్లించుకునేవాడు. మనసు కాస్త వేడెక్కాకే ప్రార్థన. పొద్దున లేవగానే మొదటి పనీ, రాత్రి పడుకోబోయే ముందు చివరి పనీ అదే కావాలన్నాడు. 'ఈ ఒక్క పనీ చూసుకుని గంటాగి చేద్దాం' అనుకున్నామా... రోజంతా పనుల్లోనే గడిచిపోతుంది. సెల్‌ఫోన్లు లేని రోజుల్లోనూ ఇదే సాకు!

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ఒక్కో ఆజ్ఞనీ నాలుగు పోగుల దండలా అల్లుకోమంటాడు. ఇది నాకేం నేర్పుతోంది? ఇందుకు దేవుడికి కృతజ్ఞత ఎలా చెప్పుకోను? నేను తప్పిందెక్కడ? ఇప్పుడు ఏమని వేడుకోవాలి? 'దొంగిలవద్దు' అన్న ఆజ్ఞనే తీసుకుంటే- పరుల సొమ్ము ముట్టకూడదన్నది పాఠం. మన ఇల్లూ సంపాదనా భద్రంగా ఉన్నందుకు కృతజ్ఞత. తూకంలోనో కూలి ఇవ్వడంలోనో ఎవరినైనా మోసం చేసి ఉంటే ఒప్పుకోలు. ఇకమీదట అలా చెయ్యని మనసు ఇవ్వమని వేడుకోలు. పరలోక ప్రార్థననీ గబగబా అప్పజెప్పకుండా ఒక్కో మనవి దగ్గరా ఆగాలి. అలాగని రోజూ అన్నీ పూర్తి చేసి తీరాలనేం లేదు. ఒక్క మాట దగ్గరే మనసు నిండిపోతే మిగతావి వదిలేసి మౌనంగా ఉండమన్నాడు. తను రాసిన మాటల్ని కంఠతా పట్టొద్దనీ హెచ్చరించాడు.

పీటర్‌కి ఇట్టే అర్థమయ్యే పోలిక కూడా ఒకటుంది. క్షురకుడు ధ్యాసంతా కత్తి మీద పెట్టక కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో నోరో, ఒక్కోసారి గొంతో తెగుతుంది. ప్రార్థనా అంతేనట.

1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు రావడంతో లూథరన్ సంప్రదాయం తెలుగునేలకీ చేరింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. లూథర్ 1529లో రాసిన చిన్న కేటకిజంలోనూ ముందుండేవి పది ఆజ్ఞలూ విశ్వాస ప్రమాణమూ పరలోక ప్రార్థనే.

ఇక పీటర్ కథ... పుస్తకం వచ్చిన ఏడాదే ఈస్టర్ సమయంలో కుటుంబమంతా విందుకి కూర్చుంది. తననే ఆయుధమూ ఏమీ చేయలేదని అల్లుడు గొప్పలు చెప్పుకున్నాడంటారు. తాగిన మత్తులో ఉన్న పీటర్ కత్తితో పొడిచాడు. అల్లుడు చనిపోయాడు. లూథర్, మరికొందరు వేడుకోవడంతో పీటర్‌కి మరణశిక్ష తప్పింది. కానీ, ఊరి నుంచి వెళ్లగొట్టారు. అతనికోసం రాసిన పుస్తకం మాత్రం అదే ఏడాది మళ్లీ మళ్లీ అచ్చయింది.