పాత కారు దారిలో ఎందుకు ఆగిపోతుంది?

పోయిన ఎండాకాలం మన తరగతి అబ్బాయికి జ్వరం బాగా ఎక్కువైంది. వార్డెన్ సారు వాడిని పాత పెట్రోలు అంబాసిడర్‌లో ఇబ్రహీంపట్నం నుంచి విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్లారు. తోడు నేనూ వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, గుంటుపల్లి దాటాక కారు టక్కున ఆగింది.

"కంగారు పడకు. ముందు చూడాల్సినవి రెండే, కరెంటు, పెట్రోలు" అన్నాడు డ్రైవరు బాబాయి. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించాడు. నీలం రవ్వ వచ్చింది. అంటే కరెంటు ఉంది. ఆ తర్వాతే కార్బురేటరుకొచ్చే పైపు ఊడదీశాడు. పెట్రోలు సరిగా రావట్లేదు, బుడగలొస్తున్నాయి!

కారణం వేడి. ఈ కారులో పెట్రోలు పంపు ఇంజను పక్కనే ఉంటుంది. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైతే పంపు దాన్ని తోయలేదు. దీన్ని వేపర్ లాక్ అంటారు. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగాం. బండి స్టార్టయింది. మావాడు ఆస్పత్రికి చేరాడు, బాగయ్యాడు.

బాబాయి చెప్పిన గుర్తులు:

1. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఆగితే చోక్ చూడాలి.
2. వేడెక్కాకే ఆగితే వేపర్ లాక్, లేదా కాయిల్.
3. స్లోలోనే ఆగితే స్లో జెట్‌లో మురికి, లేదా గాలి లీకు.
4. స్పీడులో గుంజి గుంజి ఆగితే పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్త కార్లలో కార్బురేటరే లేదు. అయినా పద్ధతి మారలేదు: ఊహించి విప్పొద్దు, పరీక్షించి విప్పాలి. పెట్రోలు దగ్గర అగ్గిపుల్ల మాత్రం గీయొద్దు సుమా!