బడికి ర్యాంప్ కట్టేస్తే సరిపోతుందా? బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు అసలు కావాల్సినవి ఇవే..

చాలా స్కూళ్లలో ఇప్పుడు ర్యాంప్ కనిపిస్తుంది. పక్కన గోడ మీద వీల్‌చైర్ బొమ్మ కూడా ఉంటుంది. కానీ అదే బడిలో చదివే బాబునో, పాపనో మధ్యాహ్నం కాకముందే అమ్మ వచ్చి ఇంటికి తీసుకెళ్లిపోతుంటుంది. ఎందుకంటే.. టాయిలెట్. వీల్‌చైర్ లోపలికి పట్టదు. పట్టినా సాయం చేసే మనిషి ఉండరు. పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టకుండా కూర్చునే పిల్లలూ ఉన్నారు.

ఒకే వైకల్యం ఉంటే ఏం చేయాలో కొంతవరకు తెలుసు. రెండు మూడు కలిస్తేనే అసలు సమస్య. సెరిబ్రల్ పాల్సీతో పాటు మూర్ఛ, పైగా మాట రాదు. లేదంటే వినికిడి లోపానికి తోడు చూపు కూడా తక్కువ. చెవి వినపడని పిల్లలకు సైగల భాష నేర్పిస్తారు. ఆ సైగలే కనపడకపోతే? అందుకే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో బహుళ వైకల్యాన్ని విడిగా చేర్చారు.

ర్యాంప్ లెక్క ఇదీ..

మన దగ్గర ర్యాంప్ కట్టడంలోనే సగం తప్పులు జరుగుతున్నాయి. నిబంధన ప్రకారం ఒక అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. అంటే వరండా అడుగున్నర ఎత్తులో ఉంటే ర్యాంప్ 18 అడుగులు రావాలి. ఆరేడు అడుగుల్లో నిటారుగా పోసేస్తే అది బైక్ ఎక్కించడానికి పనికొస్తుంది తప్ప వీల్‌చైర్‌కి కాదు. తలుపు దగ్గర 90 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లోపల వీల్‌చైర్ తిప్పుకోవడానికి మీటరున్నర జాగా కావాలి.

టాయిలెట్‌లో కమోడ్, పట్టుకోవడానికి రాడ్లు ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పిల్లలు పడిపోతే తలుపు తీయగలగాలి కదా! డైపర్ వాడే పెద్ద పిల్లలకు దాన్ని మార్చడానికి ఒక బల్ల, ఒక కర్టెన్ కావాలి. ఎక్కువ స్కూళ్లు ఆలోచించనిది దీని గురించే. పదేళ్లు దాటిన అమ్మాయి విషయంలో ఇది సౌకర్యం ఒక్కటే కాదు, పరువుకి సంబంధించిన విషయం కూడా.

పెద్దగా ఖర్చు లేనివీ ఉన్నాయి

ఐదో తరగతి మేడ మీద ఉందా? పిల్లాడిని రోజూ ఎత్తుకుని మెట్లెక్కే బదులు ఆ తరగతినే కిందికి దించేయొచ్చు. మెట్ల అంచులకు పసుపు పెయింట్ వేస్తే చూపు తక్కువ ఉన్నవాళ్లకు తెలుస్తుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు బెల్ మోతకే చెవులు మూసుకుని ఏడుస్తారు. వాళ్లకి కాసేపు కూర్చోవడానికి ఒక నిశ్శబ్దమైన మూల చాలు. మాట రాని పిల్లలకు ‘నీళ్లు’, ‘బాత్రూమ్’, ‘నొప్పి’ లాంటి బొమ్మలున్న అట్ట ఇస్తే వేలితో చూపిస్తారు. చూపు, వినికిడి రెండూ లేనివాళ్ల చేతికి కంచం అందిస్తే భోజనమని, బంతి అందిస్తే ఆటలని అర్థమవుతుంది.

కూర్చునే కుర్చీ చాలా ముఖ్యం. పాదాలు కింద ఆనాలి, నడుముకి బెల్ట్, పక్కలకు ఆసరా ఉండాలి. ఫిజియోథెరపిస్ట్ కొలతలు ఇస్తే ఊళ్లో కార్పెంటరే చేసిపెట్టగలడు. మధ్యాహ్న భోజనం దగ్గరా జాగ్రత్త ఉండాలి. మింగడం కష్టమయ్యే పిల్లలకు అన్నం మెత్తగా కలిపి, నిటారుగా కూర్చోబెట్టే తినిపించాలి. వాల్చి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

ఇక మూర్ఛ వస్తే తాళం చెవులు చేతిలో పెట్టే అలవాటు మనకి ఇంకా పోలేదు. దానివల్ల ఉపయోగం లేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైమ్ చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇది హెడ్‌మాస్టర్ నుంచి ఆయా దాకా అందరికీ తెలిసి ఉండాలి.

చట్టం ఏం చెబుతోంది?

40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని మామూలు స్కూలా, స్పెషల్ స్కూలా అన్నది వాళ్ల ఇష్టం. ప్రతి పిల్లాడి అవసరాన్ని బట్టి ఏర్పాట్లు చేయాలని కూడా చట్టంలో ఉంది. ప్రైమరీలో ఇలాంటి ప్రతి 10 మందికి, ఆ పై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని, సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశాల మేరకు కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. భవనాలను అందరికీ అందుబాటులో ఉంచే నిబంధనలు సలహాల్లా కాకుండా తప్పనిసరిగా ఉండాలని 2024 నవంబర్‌లో ఇదే కోర్టు తేల్చింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీయే.

అయితే ఒక మెలిక ఉంది. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, తీవ్రమైన, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే అవకాశం ఇచ్చారు. మంచం దిగలేని పిల్లలకు ఇది వరమే. కానీ ‘మీ వాడికి ఇంటి దగ్గరే బెటర్ అమ్మా’ అని స్కూలే చెప్పేస్తే పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, పిల్లాడు ఇంట్లో ఉంటాడు. ఇంటి చదువు ఎంచుకునే హక్కు పిల్లలదే. స్కూల్ తన బాధ్యత తప్పించుకోవడానికి కాదు.

తల్లిదండ్రులు ఎవరిని అడగాలి?

ముందుగా మండలంలోని భవిత కేంద్రం. అక్కడి రిసోర్స్ పర్సన్ స్కూల్‌తో మాట్లాడి ఏం మార్చాలో చెప్పగలరు. పిల్లల సామర్థ్యాన్ని పూర్తిగా పరీక్షించాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. హెడ్‌మాస్టర్‌కి నోటి మాటగా కాకుండా కాగితం మీద రాసి ఇవ్వాలి. టాయిలెట్ రాడ్లు, కింది గది, ఆయా సాయం.. ఇలా ఏం కావాలో విడివిడిగా రాసి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవాలి. అడ్మిషన్ కుదరదన్నా, ఏర్పాట్లు చేయకపోయినా ఆ కాపీతోనే ఎంఈవో, డీఈవోల దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడా పని కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేసుకోవచ్చు.