శాలిబండ టు శ్రీశైలం... దర్జాగా!

శాలిబండ గడియార స్తంభం తెలుసుగా? 1904లో రాజా రాయ్‌ రాయన్‌ దేవిడీలో కట్టించింది. నాలుగు వైపులా నాలుగు గడియారాలు. ఒక్కోదాని మీద ఒక్కో లిపిలో అంకెలు... రోమన్‌, అరబిక్‌, హిందీ, తెలుగు. దాని పక్కనుంచి పోయే రోడ్డుకీ ఓ విశేషం ఉంది. ఉత్తరానికి వెళ్తే చార్మినార్‌. దక్షిణానికి తిరిగితే అలియాబాద్‌, ఇంజన్‌బౌలి, చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్‌... ఆ పైన శ్రీశైలం రోడ్డే! కూకట్‌పల్లి వాళ్లు బండి మీద శ్రీశైలం బయల్దేరితే సగం ఓపిక ఊరు దాటడానికే సరిపోతుంది. పాతబస్తీ వాళ్లకు ఆ బాధ లేదు. చీకటితో లేచి బయల్దేరితే తుక్కుగూడ దగ్గరే తెల్లారుతుంది.

అలాంటి రోడ్డు గుమ్మం ముందే ఉంటే, దాని మీద దర్జాగా కాళ్లు చాపుకుని పోవాలని ఎవరికి ఉండదు? అందుకే క్రూజర్‌ బైక్‌ల మీద మోజు. మోజు పడటం తేలికే, ఏది కొనాలో తేల్చుకోవడమే కష్టం. ఎందుకంటే ఆ బండి పరుగులు పెట్టాల్సింది నల్లమలలో... రోజూ నిలబడాల్సింది మాత్రం శాలిబండ గల్లీలో!

క్రూజర్‌ అంటే?

వేగంగా పోవడానికి కాదు, అలసిపోకుండా పోవడానికి చేసిన బండి. హ్యాండిల్‌ వెడల్పుగా, చేతులకు అందేలా వెనక్కి వంగి ఉంటుంది. సీటు కిందికి, ఫుట్‌రెస్టులు ముందుకి ఉంటాయి. వీపు నిటారుగా పెట్టి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. ఇంజిన్‌ తీరూ వేరే. గింగిరాలు తిరగకుండానే బలంగా లాగుతుంది. ఉదాహరణకు రాయల్‌ ఎన్‌ఫీల్డ్‌ మీటియర్‌ 350నే తీసుకోండి. శక్తి 20 హార్స్‌పవర్లే. కానీ 27 న్యూటన్‌మీటర్ల టార్క్‌... అంటే లాగుడు బలం... 4000 ఆర్పీఎం దగ్గరే వచ్చేస్తుంది. మాటిమాటికీ గేర్లు మార్చే పని ఉండదు.

మనవాళ్లకు ఈ దర్జా నేర్పింది బుల్లెట్టే. ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌లో 1932లో పుట్టిన ఆ బండిని మన సైన్యం ఎంచుకుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్‌ ఇండియా మొదలైంది. నిజానికి బుల్లెట్‌ క్రూజర్‌ కాదు. అయినా అమ్మీటర్‌ ముల్లు చూసి, డీకంప్రెషన్‌ లీవర్‌ నొక్కి, కిక్‌ కొట్టడం తెలిసినవాడికి వీధిలో ఉండే గౌరవమే వేరు. ఇప్పటి క్రూజర్లకు కిక్‌ రాడ్డే లేదు. మీట నొక్కితే చాలు, ఆరేళ్ల పిల్లాడైనా స్టార్ట్‌ చేస్తాడు. పాతకాలం వాళ్లకు ఆ దిగులు ఇంకా ఉంది!

అచ్చమైన క్రూజర్లు 2000 తర్వాతే జోరందుకున్నాయి. 2001లో బజాజ్‌ వారి కవాసకీ ఎలిమినేటర్‌, 2002లో యమహా ఎంటైసర్‌, అదే ఏడాది థండర్‌బర్డ్‌, 2005లో అవెంజర్‌. ఇక 2010లో అమెరికా దొర హార్లే డేవిడ్‌సన్‌ మనదేశంలో తొలి షోరూము తెరిచింది ఎక్కడో తెలుసా? ఢిల్లీలోనో ముంబయిలోనో కాదు... మన బంజారాహిల్స్‌లో. 2020లో ఆ కంపెనీ ఇక్కడి తయారీకి స్వస్తి చెప్పి, హీరోతో చేతులు కలిపింది.

గల్లీ పరీక్ష

షోరూములో అందరూ ఇంజిన్‌ సీసీ అడుగుతారు. పాతబస్తీవాసి అడగాల్సింది బరువు. అవెంజర్‌ 220 బరువు 163 కిలోలు. మీటియర్‌ 350 అయితే 191. 2023 జనవరిలో వచ్చిన సూపర్‌ మీటియర్‌ 650 ఏకంగా 241 కిలోలు! రోడ్డెక్కాక ఆ బరువే బండిని కుదురుగా నిలబెడుతుంది, ఎదురుగాలికి తొణకనివ్వదు. గల్లీలో మాత్రం అదే శత్రువు. ఎదురుగా ఆటో వచ్చిందంటే మీరే వెనక్కి నెట్టాలి. రివర్స్‌ గేర్‌ ఉండదు మరి.

కాబట్టి టెస్ట్‌ రైడ్‌లో బండి నడిపి చూడటమే కాదు... ఆపేసి, దాని మీద కూర్చునే పది అడుగులు వెనక్కి నెట్టి చూడండి. సీటు ఎత్తు తక్కువ కావడం ఇక్కడ వరం. మీటియర్‌ది 765 మిల్లీమీటర్లు, సూపర్‌ మీటియర్‌ది 740. పొట్టివాళ్లకూ కాళ్లు నేలకు ఆనతాయి. రెండు చక్రాల మధ్య దూరం మాత్రం క్రూజర్లకు ఎక్కువ. మామూలు బైకు ఒక్క ఊపులో తిరిగే మలుపులో ఇది ముందుకీ వెనక్కీ ఆడుతుంది.

రెండోది వేడి. గాలి తగిలితేనే చల్లబడే ఇంజిన్లు ఇవి. రంజాన్‌ నెలలో హలీం కోసం వచ్చే జనం మధ్య, లేదా అక్కన్న మాదన్న గుడి నుంచి అంబారీ మీద ఘటం కదిలే బోనాల రోజున, ఆ రోడ్డు మీద అరగంట ఇరుక్కుంటే మోకాళ్ల దగ్గర కుంపటి పెట్టుకున్నట్టే. రోజూ దుకాణానికి వెళ్లిరావడానికి ఇంట్లో మరో చిన్న బండి ఉంటేనే క్రూజర్‌ సుఖం.

వెనక సీటు ఓటు

జావా పెరాక్‌, 42 బాబర్‌ లాంటివి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ సీటు ఒక్కరికే! ఇంటికి తెచ్చాక ‘మరి నేనెక్కడ కూర్చోవాలండీ’ అనే ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. క్రూజర్లలో డబ్బంతా ముందు సీటు మీదే పెట్టి వెనక సీటును పీటలా వదిలేసినవీ ఉన్నాయి. నాలుగు గంటల ప్రయాణంలో కష్టపడేది వెనకున్నవారే. వీపుకి ఆనుడు ఉందా, కాళ్లు పెట్టుకునే చోటు మరీ ఎత్తా, చీరకు గార్డు పెట్టారా... ఇవన్నీ ఆవిడే కూర్చుని చూసి చెప్పాలి. హెల్మెట్లూ రెండు కొనాలి.

ఇక ఖర్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లెక్క మారింది. 350 సీసీ వరకు ఉన్న బైక్‌ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ గీత దాటితే 40 శాతం! పన్నుకు ముందు లక్ష రూపాయల ధర మీద చిన్నదానికి 18 వేలు, పెద్దదానికి 40 వేలు. మీటియర్‌ ఇంజిన్‌ 349 సీసీ, సూపర్‌ మీటియర్‌ది 648. మధ్యతరగతి జేబుకి, శాలిబండ గల్లీకి, శ్రీశైలం రోడ్డుకి మూడింటికీ సరిపోయేది 350 తరగతే అనిపిస్తుంది.

కొన్నాక...

అసలు ఆనందం అప్పుడే మొదలవుతుంది. పిల్లలు ట్యాంకు మీద ఎక్కి ఫొటోలు దిగుతారు. ఆదివారం పొద్దున బకెట్‌, పాత బనియన్‌ పట్టుకుని క్రోమ్‌ తుడుస్తుంటే గంట ఇట్టే గడిచిపోతుంది. చైన్‌కి నూనె, టైర్లలో గాలి చూసుకోవడం ఎవరికో అప్పగించే పనులుగా అనిపించవు. సైలెన్సర్‌ మార్చి వీధంతా లేపాలని మాత్రం చూడకండి. పోలీసులు ఊరుకోరు, ఇరుగుపొరుగూ ఊరుకోరు.

శ్రీశైలం సుమారు 210 కిలోమీటర్లు. మీటియర్‌ ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. లీటరుకు 30 వచ్చినా 450 కిలోమీటర్లు, అంటే పోయిరావడానికి సరిపోయినట్టే. అయినా కల్వకుర్తిలో ఓసారి నింపుకోవడం మేలు. కడ్తాల్‌, ఆమనగల్లు దాటి డిండి వచ్చేదాకా రోడ్డు బారుగా ఉంటుంది. ఇంజిన్‌ ఒకే శ్రుతిలో పాడుతుంటే మాటలు కూడా అక్కర్లేదనిపిస్తుంది. మన్ననూరు దాటాక అడవి. చెట్ల చల్లదనం ఒక్కసారిగా ముఖానికి తగులుతుంది. దోమలపెంట తర్వాత ఘాట్‌లో బండిని కాస్త ముందే తిప్పడం మొదలుపెట్టాలి. ఫుట్‌రెస్టులు కిందికి ఉంటాయి కాబట్టి మరీ వాలిస్తే రోడ్డుకు గీసుకుంటాయి.

తిరుగు ప్రయాణంలో గడియారం చూసుకోండి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు బంద్‌. దర్శనం ఆలస్యమైతే ఆ రాత్రి కొండ మీదే. ఇంట్లో ఆ మాట ముందే చెప్పి బయల్దేరండి.